అడగని ముప్పై రోజులు

జెర్బా, యూదుల పెద్దవాడ
తిష్రి 18, పర్ణశాలల పండుగ నాలుగో రోజు

ఖమూస్ బావకి,

ఈ ఉత్తరం మీ నూనె కొట్టు చిరునామాకి పంపుతున్నాను, ఇంటికి కాదు. ఒక్కరే చదివి కాల్చేయండి. గజాలా కంట పడకూడదు.

ఈ పొద్దున్న అమ్మ పోయింది. పండుగకి వేసిన పాకలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. నా భార్య జోహ్రా "అత్తయ్యా, ఉప్పు ఎంత వెయ్యను?" అని రెండుసార్లు అడిగితే పలకలేదు. వెళ్ళి చూస్తే ఒళ్ళో గిన్నె అలాగే ఉంది, కళ్ళలో ప్రాణం మాత్రం లేదు. మధ్యాహ్నానికల్లా సమాధి చేసి వచ్చాం.

పండుగ మధ్యలో పోతే ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ విన్నానే గాని ఎరగను. సమాధి దగ్గర చొక్కా చింపుకున్నాను. ఇంటికొచ్చి మంచి చొక్కా తొడుక్కుని పాకలో కూర్చుని పండుగ భోజనం చేశాను. నేలమీద కూర్చోకూడదు, ఓదార్పుకి ఎవరూ రాకూడదు. ఏడు రోజుల దుఃఖం పండుగ అయ్యేదాకా ఆగాలి. పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి "ఏటేటా ఇలాగే సంతోషంగా" అని అలవాటుగా అనేసి నాలుక కరుచుకున్నాడు. నేను "మీకూ అంతే" అన్నాను. ఇంకేమంటాను బావా.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ కిందట నాన్న పోయినప్పుడు గజాలాకి కబురు రాసింది నేనే. దానికప్పుడు ఆరో నెల. ఆ కబురు అందాక ఏడు రోజులూ మీ ఇంటి రాతినేల మీద కూర్చుంది, ఎవరు లేవమన్నా లేవలేదు. ఐదో రోజు బిడ్డ పోయింది. ఆ ఉత్తరం రాసిన చెయ్యే ఇది. మళ్ళీ అదే పని చెయ్యమంటే నావల్ల కాదు. నాకు చచ్చేంత భయంగా ఉంది.

రబ్బీ ముషీని అడిగాను. చావు కబురు చెప్పి తీరాలని శాస్త్రంలో లేదన్నారు. కొడుక్కయితే మందిరంలో ప్రార్థన చెప్పే బాధ్యత ఉంది కాబట్టి చెప్పాలి, కూతురికి ఆగొచ్చు. ముప్పై రోజుల్లోపల తెలిస్తే ఏడు రోజులూ కూర్చోవాల్సిందే. ముప్పై దాటాక తెలిస్తే ఒక్క గంట కూర్చుంటే చాలు. ఏడు రోజులు పండుగ తర్వాత మొదలవుతాయి కాబట్టి ముప్పై కూడా అప్పటినుంచే. నా లెక్క ప్రకారం వచ్చే నెల, హెష్వాన్ ఇరవై రెండు దాకా మనం నోరు కుట్టేసుకోవాలి. కానుపు కూడా ఆ వారంలోనే అని మీ అమ్మగారు అన్నారు కదా.

ఒక్కటే చిక్కు. అది తనంతట తాను "మా అమ్మ బతికే ఉందా?" అని సూటిగా అడిగితే, ఉందని అబద్ధం చెప్పకూడదట. దాచొచ్చు గాని బొంకకూడదు. అందుకని ఆ ప్రశ్న దాని నోటికి రాకుండా చూసుకోండి. వచ్చేట్టుంటే బయటికి వెళ్ళిపోండి. నీళ్ళకని వెళ్ళండి, మేకకని వెళ్ళండి, ఏదో ఒక వంక పెట్టుకోండి.

దీంతోపాటే దానికీ ఒక ఉత్తరం విడిగా వేస్తున్నాను. పండుగ కాగానే అమ్మ మీ ఊరికి రావాల్సి ఉంది కదా. రాలేదేమని అది మీ ప్రాణం తీయకముందే నా ఉత్తరం చేరాలి.

మీ బావ
హువాటో


జెర్బా
తిష్రి 18, పండుగ నాలుగో రోజు

గజాలా తల్లీ,

ఎలా ఉన్నావు? పండుగ కాగానే అమ్మ మీ ఊరు రావడం కుదరదు. కొత్త సంవత్సరం నాటినుంచి కుడి మోకాలు బుడగలా వాచింది. రేవు దాటి, ఆ మోటారు బస్సు మెట్లెక్కి రావడమంటే మాటలా. నువ్వు ఆశ పెట్టుకుని ఎదురుచూడకూడదని ముందే రాస్తున్నాను.

నిన్న రాత్రంతా అమ్మకి నీ మాటే. "నీళ్ళ కుండ ఎత్తొద్దని రాయి దానికి. అత్తగారు ఎత్తమంటే నడుం నొప్పని పడుకోమను" అంది. రాశాను. నీ కోసం మెత్తటి పాత గుడ్డలు ఉతికి మూట కట్టింది. ఎవరైనా అటు వస్తుంటే పంపుతాను.

అచ్చు కొట్లో పని లేదు, పండుగ కదా. పిల్లలు పాక మీది ఖర్జూర మట్టలు పీకి గుర్రాలాడుతున్నారు. నువ్వు బాగా తిను, బాగా పడుకో. మనసులో ఏదీ పెట్టుకోకు.

మీ అన్నయ్య
హువాటో


స్ఫాక్స్
తిష్రి 25

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. అమ్మ రావడం లేదని రాశావు. సరే. మోకాలికి ఏం పట్టు వేస్తున్నారని రాద్దామనుకుని మళ్ళీ మానేశాను. నువ్వు చూసుకుంటావుగా.

నీళ్ళ కుండ ఎత్తడం లేదు. అత్తగారే ఎత్తుతోంది. ఎత్తిన ప్రతిసారీ "మా కాలంలో కానుపు నాడు కూడా పిండి విసిరాం" అని గోడతో చెబుతుంది. గోడ కూడా విసిగిపోయింది.

ఇక్కడ అందరూ మంచివాళ్ళయిపోయారు. అదే నాకు భయం. మీ బావ పొద్దు వాలకముందే కొట్టు కట్టేసి వస్తున్నాడు. నన్ను చూసి ఊరికే నవ్వుతాడు. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఈయన ఇంత నవ్విన గుర్తు లేదు. మొన్న నేను "ఒక్క మాట అడగనా?" అన్నానో లేదో, మేక తాడు తెంపుకుందంటూ పరిగెత్తాడు. నేను అడగబోయింది నిమ్మకాయలు తెచ్చారా అని. మేక కట్టుగొయ్య దగ్గరే నెమరేస్తోంది.

బిడ్డ కదులుతోంది. కదిలితే ఎందుకు కదిలిందో అని భయం, కదలకపోతే ఎందుకు కదల్లేదో అని భయం. పోయినసారి బిడ్డ మూడు రోజులు కదిలి నాలుగో రోజు ఆగిపోయింది, ఐదో రోజు పోయింది. నాకిప్పుడు నాలుగు అనే అంకె వింటేనే చేతులు చల్లబడతాయి. ఎవరితో చెప్పినా "అలాంటి మాటలు అనకూడదు" అంటారు. అందుకని నీకు చెబుతున్నాను, నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి నా నోరు మూయలేవు.

నిన్నేమీ అడగను. నువ్వు రాసినంతే నాకు చాలు. కాకపోతే పొడుగ్గా రాస్తూ ఉండు. అచ్చు కొట్టు గురించి రాయి, పిల్లల అల్లరి గురించి రాయి.

గజాలా


స్ఫాక్స్, నూనె కొట్టు నుంచి
హెష్వాన్ 2

హువాటో బావకి,

మీ దుఃఖదినాలు ఎలా గడిచాయో, వచ్చి పక్కన కూర్చోలేకపోయాను, క్షమించాలి. ఇక్కడ నా పని కత్తి మీద సాములా ఉంది.

నిన్న మీ వాడ ఉన్ని వర్తకుడొకడు కొట్టుకొచ్చాడు. గజాలా నాకు అన్నం తెచ్చి, లోపల తెర వెనక కూర్చుని ఉంది. ఆయన గుమ్మంలోనే చేతులు రెండూ చాచి, మొహం వేలాడేసి, "ఖమూస్, మీ అత్తగారు" అని మొదలుపెట్టాడు. నేను చేతిలో ఉన్న ఆలివ్ కాయ ఆయన నోట్లో కుక్కాను. నిజంగానే కుక్కాను బావా, గింజతో సహా. "ఈ ఏటి కాపు, రుచి చూడండి" అంటూ కాలు తొక్కాను. ఆయన దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుని, నా మొహం చూసి సంగతి గ్రహించి, "మీ అత్తగారు మిమ్మల్ని అడిగేవారు" అని ముగించాడు. అడిగేవారు అన్నాడు, అడిగారు అనలేదు.

తెర తీసి చూస్తే గజాలా గిన్నె మూత సరిచేస్తోంది. "ఎవరు?" అంది. "ఉన్ని వర్తకుడు" అన్నాను. "బాగా దగ్గుతున్నాడు పాపం, నీళ్ళివ్వండి" అంది. అంతే. ఇంకేమీ అడగలేదు.

మా ఆవిడ సంగతి మీకు తెలుసు. వీధిలో కుక్క మొరిగితే ఎవరి కుక్క, ఎందుకు మొరిగింది, దాని తల్లి ఏ ఇంట్లో ఉంది అని అడిగే మనిషి. అలాంటిది అమ్మ గురించి ఒక్క మాట అడగదు. అడుగుతుందేమోనని మొదట్లో భయపడ్డాను. అడగనందుకు ఇప్పుడు అంతకంటే ఎక్కువ భయపడుతున్నాను. హెష్వాన్ ఇరవై రెండు దాకా నేను ఆగగలనో లేదో తెలియదు.

ఖమూస్


జెర్బా
హెష్వాన్ 6

ఖమూస్ బావకి,

ఒక మంచి మాట, ఒక సిగ్గుపడాల్సిన మాట. రెండూ ఒకటే.

నిన్న రబ్బీ ముషీ దగ్గర మాటల్లో ఇరవై రెండో తేదీ అన్నాను. ఆయన కళ్ళద్దాలు నెత్తికెక్కించి, "ఎవరు చెప్పారు నీకా లెక్క?" అన్నారు. నేనే వేసుకున్నానన్నాను. "పండుగ ఏడు రోజుల్ని ఆపుతుంది గాని ముప్పై రోజుల్ని ఆపదయ్యా. ముప్పై మట్టి వేసిన రోజు నుంచే నడుస్తాయి, పండుగ రోజులు కూడా అందులోకే వస్తాయి. ముప్పై ఏళ్ళుగా ఈ పుస్తకాలే అచ్చు వేస్తున్నావు, ఒక్కటి చదివిన పాపాన పోలేదు" అని వాయించారు. అక్షరాలన్నీ తలకిందులుగా పేర్చే వాణ్ణి, రోజుల్ని కూడా అలాగే పేర్చినట్టున్నాను.

కాబట్టి తిష్రి పద్దెనిమిది ఒకటో రోజు, హెష్వాన్ పదిహేడు ముప్పయ్యో రోజు. అయితే ముప్పయ్యో రోజు పొద్దు గూకేలోపు తెలిసినా ఏడూ కూర్చోవాల్సిందే. పద్దెనిమిదో తేదీ అయితే గంట. ఒక్క రోజు తేడా, జాగ్రత్త. ఆ కబురు ఉత్తరం నేను రాసి, మా ఊరి బస్సు నడిపే బీషీ చేతికిచ్చి, పద్దెనిమిదిన కొట్లో మీ చేతికే ఇవ్వమని పంపుతాను. కానుపు కాకపోతే మీ దగ్గరే ఉంచండి, అయ్యాకే ఇవ్వండి.

ఇందులో మా కొట్లో వేసిన పురిటి రక్ష కాగితాలు నాలుగు పెట్టాను. గదికి నాలుగు వైపులా అంటించండి. తలగడ కింద కత్తి పెట్టడం మరవకండి. నాకు వీటి మీద నమ్మకం ఉందా అంటే, రెండేళ్ళ కిందటి దాకా లేదు.

గజాలాకి విడిగా రాశాను. అబద్ధం లేకుండా రాయడానికి మూడు రోజులు పట్టింది.

హువాటో


స్ఫాక్స్
హెష్వాన్ 9

అన్నయ్యకి,

రక్ష కాగితాలు అందాయి. ఒకదాంట్లో దేవదూత పేరులో అక్షరం విరిగింది, చూసుకో. అయినా అంటించాం. దూతకి తన పేరు తెలియదా.

నిన్న కొంచెం రక్తం కనపడింది. మంత్రసాని వచ్చి చూసి, నెలలు నిండాయి, అవుతూ ఉంటుంది, కదలకుండా పడుకోమంది. పోయినసారి కూడా మొదట కొంచెమే కనపడింది. పడుకుని కప్పు దూలాలు లెక్కపెడుతున్నాను. అన్నయ్యా, నాకు భయంగా ఉంది. ఊరికే భయం కాదు, దాహం వేసినట్టు భయం. ఇంత భయంలో ఆడపిల్ల ఎవరిని పిలుస్తుందో నీకు తెలుసు. నేను పిలవడం లేదు. పళ్ళు బిగబట్టి పడుకుంటున్నాను.

ఇంతకుముందు ఒక కాగితం మీద నీకో ప్రశ్న రాశాను. ఒకే ఒక్క వరుస. రాసి చూసుకుని చింపి పొయ్యిలో వేశాను. అత్తగారు చూసి "కాగితం ఊరికే వస్తుందా?" అంది. రాదు అన్నాను.

నీ ఉత్తరాలు చాలా బాగుంటున్నాయి. కిందటి దాంట్లో "అమ్మకిప్పుడు మోకాలి నొప్పి లేదు" అని రాశావు. సంతోషం. అలాగే రాస్తూ ఉండు. అంతకు మించి ఒక్క ముక్క రాయకు.

ఇవాళ హెష్వాన్ తొమ్మిది. ఇంకా కొన్నాళ్ళు ఓపిక పట్టాలి, నువ్వూ నేనూ.

గజాలా


జెర్బా
హెష్వాన్ 15

గజాలా తల్లీ,

నువ్వు ఇది చదివేసరికి ముప్పై రోజులు దాటి ఉంటాయి. బిడ్డ నీ ఒళ్ళో ఉందనుకునే రాస్తున్నాను, అలా అనుకోకపోతే కలం కదలడం లేదు.

అమ్మ లేదు. పండుగ నాలుగో రోజు పొద్దున్న, చిక్కుడు గింజలు ఒలుస్తూ పోయింది. బాధ పడలేదు. నాన్న పక్కనే పెట్టాం. నేను పండుగ ముగిశాక ఏడు రోజులూ కూర్చున్నాను, నీ బదులు కూడా కూర్చున్నాననుకో. రోజూ మందిరంలో ప్రార్థన చెబుతున్నాను. గడ్డం పెరిగి మేకపోతులా ఉన్నానని జోహ్రా అంటోంది.

నీకు చెప్పలేదు. దాచాను. బిడ్డ కోసం దాచాను, నా భయం కోసం కూడా దాచాను. నాన్నప్పుడు నీకు రాసిన ఉత్తరం నన్ను రెండేళ్ళుగా నిద్రపోనివ్వలేదు. కోపం వస్తే తిట్టు. ఎంతైనా తిట్టు.

చెప్పులు విప్పి ఒక్క గంట కూర్చో. శాస్త్రం నీకు గంటే చెప్పింది. అంతకంటే కూర్చోకు, నా మీద ఒట్టు.

హువాటో


స్ఫాక్స్
హెష్వాన్ 20

అన్నయ్యకి,

ఆడపిల్ల. పదహారో తేదీ పొద్దున్న పుట్టింది. పిడికెడంత ఉంది గాని గొంతు మా అత్తగారిది. నేనూ బాగానే ఉన్నాను, పాలు పడ్డాయి. ముందు ఇది చదివి ఊపిరి పీల్చుకో, మిగతాది తర్వాత.

నీ బీషీకి బుద్ధి లేదు. పద్దెనిమిదిన కొట్లో ఇవ్వమంటే, పదిహేడునే బస్సు ఇటు వచ్చిందని, కానుపుకని కొట్టు మూసి ఉందని, నేరుగా ఇంటికొచ్చి ఉత్తరం అత్తగారి చేతిలో పెట్టాడు. ఆవిడ తెచ్చి నా మంచం మీద పెట్టింది. అప్పుడే మీ బావ లోపలికొచ్చాడు. దాన్ని చూడగానే ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. చెయ్యి చాచాడు గాని ఏమని అడుగుతాడు.

నేనే అన్నాను, "ఇవాళ పదిహేడు కదా. దాన్ని పై అరలో పెట్టండి. రేపు చదువుకుంటాను."

ఆయన అలాగే నేలమీద కూలబడ్డాడు. "నీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు.

"నాకేమీ తెలీదు. ఇంకా చదవందే" అన్నాను.

నీ మొదటి ఉత్తరం నుంచే తెలుసు అన్నయ్యా. అందులో మోకాలు, బస్సు మెట్లు, కుండ, అన్నీ బాగానే ఉన్నాయి. కాని పైన రాశావే, పండుగ నాలుగో రోజు అని. రాత పని చెయ్యకూడని పండుగ మధ్య రోజుల్లో మన ఇంట్లో ఎవరైనా కలం పట్టారా? చిన్నప్పుడు పండుగలో నేను గోడమీద బొగ్గుతో గీత గీస్తే నాన్న నా వేళ్ళ మీద కొట్టాడు. రేపు ఆగి రాస్తే సరిపోయే పనికి నువ్వు కలం ముట్టవు. పండుగ రోజున రాశావంటే అది ఆగని పని. అమ్మ రావడం లేదన్న కబురు ఆగేదే. ఆ తేదీ చూసి అరుగు మీద కూర్చుండిపోయాను. అప్పుడే నాకు బిడ్డ కడుపులో తన్నింది.

ఆ రోజే లెక్క వేసుకున్నాను. నీలాగా తప్పు వెయ్యలేదు. పద్దెనిమిది నుంచి ముప్పై, అంటే హెష్వాన్ పదిహేడు. అనుమానం కబురు కాదు. ఎవరైనా నోటితో చెబితేనే కబురు. అడిగితే నువ్వు అబద్ధం చెప్పలేవని నాకూ తెలుసు, ఆ మాట నాన్న అచ్చు వేసిన పుస్తకంలోనే చదివాను. అందుకని అడగలేదు. ఉన్ని వర్తకుడు నోరు తెరిచినప్పుడు తెర వెనక రెండు చెవులూ మూసుకున్నాను. ఆ ముప్పై నిండేదాకా తిన్నాను, నవ్వాను, అత్తగారి మాటలకి జవాబులు చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే తెలిసినట్టే అవుతుందని భయం. ఏడిస్తే నేలమీద కూర్చోవాలని, కూర్చుంటే ఐదో రోజు వస్తుందని భయం. నొప్పులు వచ్చినప్పుడు "అమ్మా" అని అరవబోయి మీ బావ పేరు అరిచాను. మంత్రసాని నవ్వింది, మొగుడి పేరు పట్టుకుని ఇంత బరితెగించి అరిచే ఆడదాన్ని చూడలేదంది.

పద్దెనిమిదిన పొద్దెక్కాక నీ ఉత్తరం చదివాను. నీ పాత ఉత్తరాలు కూడా తీసి మళ్ళీ చదివాను. ఒక్క అబద్ధం లేదు. నిజం రాయడానికి ఇంత అవస్థ పడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు. నీ మీద కోపం ఉంది. నా ఏడు రోజులు నువ్వు తీసేసుకున్నావు. నా బదులు కూర్చున్నానని రాశావు, అది ఎవరి బదులు ఎవరూ కూర్చునేది కాదు. బిడ్డ బతికింది కూడా నీ వల్లే. రెండూ నిజమే, రెండిట్నీ ఏం చేసుకోవాలో నాకింకా తెలియడం లేదు.

చెప్పులు విప్పి మంచం దిగాను. బాలింతని రాతినేల మీద కూర్చోకూడదని అత్తగారు గొర్రె తోలు పరిచింది. మీ బావ గోడ గడియారం కింద నిలబడ్డాడు, రైలు పంపేవాడిలాగా. చిత్రం ఏమిటంటే, ఇన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు వెంటనే రాలేదు. అరగంట దాకా ఊరికే కూర్చున్నాను, చిక్కుడు గింజల గురించి ఆలోచిస్తూ. ఒలిచినవి వండారా, పారేశారా, నువ్వు రాయలేదు. అది తలుచుకున్నాక ఏడుపొచ్చింది.

మీ బావ "గజాలా, గంటయింది, లే" అన్నాడు. నేను లేవలేదు. నీ ఒట్టు గుర్తు చేశాడు. అయినా లేవలేదు.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు, గట్టిగా ఏదైనా అంటుందేమోనని. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "గడియారం నీకు చెప్పింది రా, దానికి చెప్పలేదు. పో, అవతలికి పో" అని, తన చెప్పులు కూడా విప్పేసి నా పక్కన నేలమీద చతికిలబడింది. నాలుగేళ్ళలో నా భుజం మీద చెయ్యి వేయని మనిషి. అప్పుడూ వెయ్యలేదు, ఊరికే పక్కన కూర్చుంది.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. మంచం మీద పాప ఆకలేసి ఏడ్చింది. అప్పుడు లేచాను.

గజాలా